వ్యయ నామ సంవత్సర పంచాంగం

వ్యాపారికి పొద్దుటి బోణీ ఎంత ముఖ్యమో విష్ణువర్ధన్‌కు వాళ్ల తాత నాగేశ్వర్ రావు చిన్నప్పుడే నూరిపోశాడు. మొదటి బేరం నవ్వు ముఖంతో రావాలి. దుకాణదారు నోటి నుంచి మొదటి మాట "లేదు" అని రాకూడదు. వచ్చిందా, ఆ రోజంతా గల్లాపెట్టె ముఖం మాడ్చుకుని కూర్చుంటుంది. తాత పోయి నాలుగేళ్లయినా మిర్యాలగూడలోని వాళ్ల బియ్యం దుకాణంలో ఈ శాసనం చెక్కుచెదరలేదు.

ఉగాదికి రెండు రోజుల ముందు, షట్టర్ ఇంకా సగంలో ఉండగానే ఒక స్కూటీ వచ్చి ఆగింది. హెల్మెట్ తీసిన అమ్మాయి జుట్టు సవరించుకుని దుకాణంలోకి తొంగి చూసింది.

"నమస్తే అండీ. మీ దగ్గర పాత పంచాంగం ఉంటదా?"

దేవుడి పటానికి తిప్పుతున్న అగరుబత్తి విష్ణు చేతిలో అలాగే ఆగిపోయింది.

"మేడం, ఇది బియ్యం దుకాణం."

"బోర్డు చదివే వచ్చిన."

"కొత్త పంచాంగం అయితే బస్టాండ్ కాడ దొరుకుతది. పాతది ఎందుకు? పాత క్యాలెండర్ సుత ఇయ్యమంటరా?"

"ఎనభై ఏండ్ల కిందిది కావాలి. ఉందా, లేదా?"

అగరుబత్తిని పటం ముందు గుచ్చి, విష్ణు లెక్కలు వేసుకున్నాడు. లేదంటే బోణీ పాడు. ఉందంటే అబద్ధం. తాత ఈ చిక్కుకు మందు చెప్పకుండానే పోయాడు.

"ముందుగాల ఏమన్న కొనుండ్రి మేడం, తర్వాత మాట్లాడుదాం. బోణీ టైం."

"సరే, ఒక కిలో బియ్యం ఇయ్యండి."

"ఇరవై అయిదు కిలోల బస్తాలే ఉంటయి."

ఆ అమ్మాయి స్కూటీని చూసింది, బస్తాను చూసింది, చివరికి విష్ణును చూసింది. ఆ చివరి చూపు మాత్రం ఎర్రగా ఉంది. ఫోన్ తీసి స్కాన్ చేసింది. డబ్బులు అందినట్టు గల్లా మీది స్పీకర్ దుకాణమంతా వినిపించేలా అరిచింది.

విష్ణు మనసు తేలికపడింది. తేలికపడగానే నిజం కూడా బయటికొచ్చింది. "ఇవి కొత్త బియ్యం మేడం. ఇప్పుడు వండితే అన్నం ముద్దయితది. అయిదారు నెలలు పాతబడనియ్యుండ్రి."

"అమ్మినంక చెప్తున్నరా?"

"బోణీ అయినంక అబద్ధం ఆడొద్దని మా తాత చెప్పిండు."

నవ్వకూడదని గట్టిగా అనుకుని ఆమె నవ్వేసింది. ఆ నవ్వు చూశాక విష్ణుకు ఆ రోజు ఇంకో బేరం రాకపోయినా పర్వాలేదనిపించింది.

ఆమె పేరు యమున. కోదాడలో ఒక జూనియర్ కాలేజీలో హిస్టరీ చెబుతుంది. సొంతూరు మునగాల దగ్గరి తండా. స్టూలు మీద కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగి, వచ్చిన పని చెప్పింది.

ఎనభై ఏళ్ల కింద సూర్యాపేటకు చెందిన గౌరయ్య అనే పంతులు నిజాం జైలులో ఉండి ఈ ప్రాంతం చరిత్ర రాశాడు. పేరు "మూసీ కృష్ణల నడుమ". విడుదలైనవాళ్లు కాగితాలను అంగీల మడతల్లో కుట్టుకుని ఒక్కొక్కటిగా బయటికి తెచ్చారు. వాటిని ఎడ్ల బస్తాల్లో బెజవాడకు పంపి అచ్చు వేయించారు. అప్పట్లో మునగాల పరగణా నిజాం కింద లేదు కాబట్టి అక్కడిదాకా పుస్తకాలు దర్జాగా వచ్చాయి. అది దాటాకే పోలీసు పహరా. అందుకని పుస్తకాలన్నిటికీ పైన పంచాంగం అట్ట అతికించారు. ఆ ఏడాది పేరు వ్యయ. వ్యయ నామ సంవత్సర పంచాంగం.

"పోలీసోళ్లు పంచాంగం తెరిచి తిథులు చూస్తరా? అదీ ఉపాయం," అంది యమున. "మా ముత్తాత గోప్యా నాయక్ వాటిని ధాన్యం బస్తాలల్ల పెట్టి ఎడ్ల మీద మోసుకొచ్చిండు. మిర్యాలగూడల దాచింది మీ ముత్తాత. మిగిలిన చోట్ల దొరికినవి దొరికినట్టు కాలవెట్టిండ్రు."

విష్ణు నోరు తెరుచుకుని వింటున్నాడు. "నకిలీ విత్తనాలు తెలుసు, నకిలీ నోట్లు తెలుసు. నకిలీ పంచాంగం ఇదే ఫస్ట్. అయినా ఆ పుస్తకం మళ్ల అచ్చుగాలేదా?"

"అయింది. పదేండ్లకు రెండో ముద్రణ వేసిండ్రు. అప్పుడు కాగితం కరువట, కొన్ని అధ్యాయాలు తీసేసిండ్రు. తండాల గురించి రాసిన అధ్యాయం అండ్లనే పోయింది." యమున గొంతు కొంచెం తగ్గింది. "మా దాదా సేవ్యా, అంటే మా తాత, మన తండా కథ అచ్చయిందిరా అని చిన్నప్పటి సంది అందరికీ చెప్తనే ఉన్నడు. పుస్తకం తెచ్చి చూస్తే అండ్ల ఉండదు. ఇప్పుడు పొలగాండ్లు సుత ఆయనను చూసి నవ్వుతరు. సూర్యాపేటల వీరేశం గారి ప్రెస్‌ల మళ్ల వేస్తున్నం. ఉగాది తెల్లారి అచ్చు మొదలు. ఆలోపు మొదటి ముద్రణ దొరికితే మా అధ్యాయం ఎక్కుతది. దొరక్కపోతే ఈసారి సుత మేం లేనట్టే."

విష్ణుకు ఇంట్లో దేవుని అర్ర అటక గుర్తొచ్చింది. ఏటా పూజ చేసిన పంచాంగాలన్నీ అక్కడే మూటకట్టి ఉంటాయి. తాత ఒక ఎండాకాలం తీరిగ్గా కూర్చుని అన్నిటికీ తమ రైస్ మిల్లు క్యాలెండర్ కాగితాలతో అట్టలు వేసి, పైన ఏడాది పేరు మాత్రం రాసి పెట్టాడు. ఆ తర్వాత వాటిని తెరిచినవాళ్లు లేరు. నిన్నటి పంచాంగంతోనే పని ఉండదు, ఎనభై ఏళ్ల కిందటిదాన్ని ఎవరు తెరుస్తారు?

"సాయంత్రం చూసి ఫోన్ చేస్త మేడం."

"మరిచిపోతరు."

"వ్యాపారోళ్లం. మాటంటే మాటే."

యమున కాళ్ల మధ్య బస్తా పెట్టుకుని, వంకర టింకరగా స్కూటీ నడుపుకుంటూ పోయింది. మూల తిరిగేదాకా విష్ణు అక్కడే నిలబడ్డాడు.

మాటంటే మాటే అన్న ఆ పెద్దమనిషి సాయంత్రానికి సంగతే మరిచిపోయాడు.

మబ్బు పట్టింది. మిల్లు ఆవరణలో ఆరబోసిన వడ్ల మీద పట్టాలు కప్పించేసరికి పొద్దుపోయింది. తిని పడుకున్నాడు. తెల్లారి లేచేసరికి నానమ్మ ఆండాళు పండుగ దులుపుడు సగం కానిచ్చేసి, వాకిట్లో పెద్ద మూట పెట్టుకుని కూర్చుంది.

"విష్ణూ, జర ఇది బండిల ఎక్కియ్యి. పాత పంచాంగాలు. పిల్లలు పుట్టిన ఏండ్లవి తీసిపెట్టిన, కడమవి నర్సింహను వాడపల్లి సంగమంల కలిపి రమ్మను. కొత్త ఏడు వస్తున్నది. పాతవి కాళ్ల కింద పడొద్దు, చెత్తల పడొద్దు."

విష్ణు చెవి దగ్గర ఫోను, ఫోనులో కోదాడ డీలరు. "ఆ, ఆ" అంటూనే మూటను స్వహస్తాలతో డీసీఎం వ్యానులో పెట్టాడు. డ్రైవర్ నర్సింహ బియ్యం లోడుతో కదిలిపోయాడు. కోదాడలో బియ్యం దించి, సూర్యాపేటలో గోనె సంచులు ఎక్కించుకుని, పొద్దుగూకేలోపు వాడపల్లి చేరాలి. అక్కడ మూసీ కృష్ణలో కలుస్తుంది. ఇక్కడివాళ్లకు పాత పటాలైనా, పంచాంగాలైనా చివరికి చేరే చోటు అదే.

పదింటికి ఫోన్ మోగింది. "చూసిండ్రా?" అంది యమున.

పొద్దున తను బండెక్కించిన మూట ఏమిటో విష్ణుకు అప్పుడు వెలిగింది.

"యమున గారూ... ఒక చిన్న ముచ్చట అయింది."

నర్సింహకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎత్తడు కూడా. పోయినేడాది ఫోన్ మాట్లాడుతూ బండిని కాలువలోకి దించబోతే, "స్టీరింగ్ పట్టినంక ఫోన్ ముట్టినవా, ఉద్యోగం ఖతం" అని ఒట్టు వేయించింది విష్ణువే. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటే ఇదే.

బైకు వేసుకుని కోదాడ చేరేసరికి యమున కాలేజీ గేటు ముందే నిలబడి ఉంది.

"మీ తాత లేదు అనొద్దన్నడు సరే, చూస్త అని చెప్పి నీళ్లల్ల ముంచమన్నడా?"

"తప్పు నాదే. ఎంత తిడ్తరో తిట్టుండ్రి. కాకపోతే బండి ఎక్కి తిట్టుండ్రి."

"మీ డీలర్ దగ్గరికి పోయి అడిగిన. బియ్యం దించి అరగంటయిందట. సూర్యాపేట తొవ్వ పట్టిండు."

యమున హ్యాండ్‌బ్యాగును ఇద్దరి మధ్యా సరిహద్దు రాయిలా పెట్టుకుని వెనుక కూర్చుంది. హైవే ఎక్కిన దగ్గర్నుంచి మాటామంతీ లేదు. ఆమె తిడితేనే బాగుండునని విష్ణుకు అనిపించింది. మౌనంగా ఉన్న ఆడమనిషిని వెనుక కూర్చోబెట్టుకుని బండి నడపడం ఎంత కష్టమో ఆర్టీఓ ఆఫీసులో ఎవరూ చెప్పరు.

మునగాల దగ్గర చినుకు మొదలై, రెండు నిమిషాల్లో ముందున్న లారీ కనపడకుండా దంచింది. వేళ గాని వేళ వాన. తడిసి ముద్దై ఒక ధాబా కిందికి పరుగెత్తారు. చాయ్ వచ్చింది. యమున చున్నీ కొసలు పిండుకుంటోంది. విష్ణు అటు చూడకూడదని రోడ్డు వైపు తిరిగి, రోడ్డు మీది నీళ్లలో కూడా ఆమెనే చూశాడు.

"ఏం చూస్తున్నరు?"

"వాన."

"వాన అటు ఉంది."

విష్ణు చాయ్ గ్లాసులోకి తలదించుకున్నాడు. అప్పుడే యమున ఫోన్ మోగింది. అవతలి గొంతు ఎంత పెద్దదంటే ధాబా అంతా వినపడింది.

"దొరికిందా బేటీ?"

"దొరుకుతది దాదా. పోతనే ఉన్నం."

"సేటు మంచోడేనా?"

యమున విష్ణును ఎగాదిగా చూసింది. "మంచోడే దాదా. మతిమరుపు."

ఫోన్ పెట్టేశాక ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. వాన ఇంకా తగ్గలేదు. యమున గ్లాసు చుట్టూ చేతులు పెట్టుకుని మెల్లగా అడిగింది.

"ఒక మాట అడుగుత, నిజం చెప్పండి. పుస్తకం దొరికినా అది మీ దేవుని అర్రలది. నేను తండా పిల్లను. మీ నానమ్మ నన్ను గడప ఎక్కనిస్తదా?"

విష్ణు గ్లాసు కింద పెట్టాడు. మిల్లుకు పనికి వచ్చే తండా ఆడవాళ్లు ఇంటి అరుగు దగ్గరే ఆగడం పుట్టిననాటి నుంచి చూస్తున్నాడు. ఎవరూ ఆగమని చెప్పరు. వాళ్లే ఆగుతారు. ఎందుకని తను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సంగతి ఈ రోజే తెలిసొచ్చినందుకు సిగ్గేసింది.

"తెల్వదు," అన్నాడు. "ఎక్కనియ్యాలని నాకున్నది. నానమ్మ సంగతి మాత్రం నిజంగ తెల్వదు."

"ఎక్కనిస్తదని అబద్ధం ఆడితే ఇక్కడి సందే వాపస్ పోదామనుకున్న," అంది యమున. ఆమె ఫోన్, పర్సు జేబుల్లో వేసుకుని, ఖాళీ బ్యాగు మడిచి చేతిలో పట్టుకుంది. వాన వెలిసి బండి కదిలేటప్పుడు ఆ సరిహద్దు రాయి మళ్లీ మధ్యకు రాలేదు.

సూర్యాపేటలో గోనె సంచుల దుకాణం ముందు డీసీఎం కనపడగానే విష్ణుకు ప్రాణం లేచొచ్చింది. నర్సింహ తీరిగ్గా మిర్చిబజ్జీ తింటున్నాడు.

"ఫోన్ చేస్తే ఎత్తవేందిరా!"

"నువ్వే గదా సేటూ ఎత్తొద్దన్నది? జీతం గురించి చేసినవేమో అని నాకూ మస్తు ఆశ ఉండె, అయినా ఎత్తలే."

మూట విప్పారు. పార్థివ, సర్వజిత్తు, నందన, విజయ... అన్నిటి మీదా తాత గుండ్రటి చేతిరాత. యమున ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతోంది. అడుగున దొరికింది. వ్యయ.

ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుంది. విష్ణు వైపు చూసింది. "నువ్వే తియ్యి," అన్నాడు విష్ణు. మీరు కాస్తా నువ్వు అయిందని ఇద్దరూ గమనించలేదు.

క్యాలెండర్ అట్ట తీసింది. లోపల తెల్లటి, నున్నటి కాగితం. 2006 – 2007. వెనుక పేజీ మీద రంగురంగుల సెల్‌ఫోన్ ప్రకటన.

"అరవై ఏండ్లకు అదే పేరు తిరిగొస్తది గదా," అంది యమున. "ఇది రెండోసారి వచ్చిన వ్యయ."

విష్ణు మిగిలినవన్నీ తిరగేశాడు. మూట గుడ్డ కూడా దులిపాడు. ఇంకో వ్యయ లేదు. ఆ పుస్తకం ఎప్పుడో చెదలు పట్టిపోయిందేమో, అసలు వాళ్లింటికి చేరనే లేదేమో. వీరేశం ప్రెస్‌కు వెళ్లి అడిగితే, "ఎల్లుండి పొద్దుగాల మిషిన్ ఎక్కించాల్నమ్మా, కాగితం దిగిపోయింది" అన్నాడాయన నొచ్చుకుంటూ.

బస్టాండులో కోదాడ బస్సు ఎక్కుతూ యమున వెనక్కి తిరిగింది. కళ్లు నిండుగా ఉన్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. "మీ తప్పు లేదులెండి. అది ఉంటే గదా మీరు ముంచడానికి." ఆమె నోట మాత్రం ఇంకా మీరే. విష్ణుకు అదే ఎక్కువ బాధనిపించింది.

తెల్లారితే ఉగాది. వచ్చేది పరాభవ నామ సంవత్సరం. తనకు ఒక రోజు ముందే మొదలైందని విష్ణు అనుకున్నాడు.

పొద్దున వంటింట్లో ఉగాది పచ్చడికి మామిడికాయ తరుగుతూ కూర్చున్నాడు. పక్కన వేపపువ్వు ఉంది. దాని అవసరం తనకు ఈ ఏడు లేదనిపించేంత చేదుగా ఉంది మనసు. నాన్న జవహర్ హాల్లో పేపరు చదువుతున్నాడు. ఆయన మాటలు కూడా కాటాలో తూచి ఖర్చుపెట్టే మనిషి. హైదరాబాదులో ఇంజినీరింగ్ చదివే చెల్లెలు నిత్య పండుగకు వచ్చి, దేవుని అర్రలో నానమ్మ పక్కన కూర్చుంది.

ఆ ఇంట్లో ఉగాదికి ఒక ఆనవాయితీ ఉంది. పిల్లలు ఎవరు పుట్టిన ఏడాది పంచాంగానికి వాళ్లు పసుపు బొట్టు పెట్టి, ఆ తర్వాతే కొత్తదానికి పెట్టాలి. విష్ణు పుట్టింది బహుధాన్యలో. ధాన్యం వ్యాపారి ఇంట్లో బహుధాన్య పుట్టాడని తాత ఊరంతా మిఠాయి పంచాడట. నిత్య పుట్టిన ఏడాది పేరు మాత్రం ఆయన పెద్దగా ఎవరికీ చెప్పేవాడు కాదు.

"అన్నా," అని నిత్య కేక వేసింది. "నేను పుట్టినప్పుడు కాగితం గింత ఎర్రగ ఉండెనా? ముట్టుకుంటేనే పొడి రాలుతున్నది."

విష్ణు చేతిలోంచి కత్తిపీట మీది మామిడికాయ జారి వంటిల్లంతా దొర్లింది. వ్యయ! నిత్య పుట్టింది వ్యయలోనే. పిల్లలవి తీసిపెట్టిన అని నానమ్మ చెప్పనే చెప్పింది. రెండు వ్యయలకూ ఒకే రకం అట్ట, ఒకే చేతిరాత. రెండింట్లో ఏది మనుమరాలిదో చూపు ఆనని నానమ్మకు ఎట్లా తెలుస్తుంది? చేతికి అందినదాన్ని పక్కన పెట్టి, నిత్య అసలు పంచాంగాన్ని సంగమానికి పంపింది.

ఒక్క దూకులో దేవుని అర్ర గుమ్మం ముందున్నాడు. నిత్య అట్ట తీసింది. లోపల పాత పంచాంగం బొమ్మ. అది తిప్పితే, వెలిసిన నల్ల అక్షరాలు. మూసీ కృష్ణల నడుమ. నిజాం జైలులో రాయబడినది.

"ముట్టకుండ్రి!" అంది ఆండాళు. "పూజల పెట్టింది. పంచాంగం చదివి వినేదాక లేపొద్దు."

"అది పంచాంగం కాదు నానమ్మా." విష్ణు అంతా చెప్పాడు. గౌరయ్య పంతులు, ఎడ్లు, బస్తాలు, వాన, ధాబా. ధాబా ముచ్చట కొంచెం ఎక్కువే చెప్పాడు.

నానమ్మ కళ్లద్దాల మీదుగా చూసింది. "ఎవరి పిల్ల?"

"మునగాల కాడి తండా."

నానమ్మ చేతిలో గంధం గిన్నె కాసేపు కదలలేదు. హాల్లో పేపరు చప్పుడు కూడా ఆగింది. "దానికోసమేనా నిన్న వానల గన్ని ఊర్లు తిరిగినవ్?"

"పుస్తకం కోసం."

"పుస్తకం కోసం తిరిగినోని మొఖం గిట్ల ఉండదు," అంది నానమ్మ. మళ్లీ గంధం తీయడం మొదలుపెడుతూ అంది. "రమ్మను. వాళ్ల తాతను సుత తోలుకొని రమ్మను. సూస్త."

ఆ "సూస్త"లో ఆశీర్వాదం ఉందో, ఆపద ఉందో విష్ణుకు అర్థం కాలేదు. యమునకు మాత్రం నాలుగే మాటలు చెప్పాడు. "దొరికింది. దాదాతోని జల్ది రా."

మధ్యాహ్నానికి ఆటో దిగారు. సేవ్యా ఎర్ర తలపాగా కట్టి, ఉతికిన పంచెతో, కర్ర పట్టుకుని వచ్చాడు. అరుగు దాకా వచ్చి అక్కడే ఆగాడు. యమున కూడా ఆయన పక్కనే ఆగింది. వీధిలో ఎదురింటి వాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు.

"పుస్తకం గీడికి తెచ్చియ్యండి అమ్మా," అంది యమున లోపలికి వినపడేలా. గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం చున్నీని నలిపేస్తున్నాయి. "ఫోటోలు తీసుకొని పోతం."

విష్ణు బయటికి వచ్చి ఆమె పక్కనే అరుగు కింద నిలబడ్డాడు. ఆమె లోపలికి రాకపోతే తనూ పోడని ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా నిలబడ్డాడు.

లోపల నానమ్మ కదల్లేదు. "నిత్యా, మొదాలు ఏం రాసిందో చదువు," అంది.

నిత్య గొంతు బయటికి వినపడింది. ముందుమాట చివరి వాక్యాలు. "చెరసాలలో పుట్టిన ఈ మాటలు అచ్చుకు చేరడానికి ఇద్దరు కారకులు. కాగితాలను బస్తాలలో దాచిన సేటు ఒకరు. వాటిని ఎడ్ల మీద బెజవాడకు మోసి, దెబ్బలు తిని కూడా నోరు విప్పని గోప్యా నాయక్ మరొకరు. ఆయన జాతి కథ ఏడవ అధ్యాయములో చెప్పినాను."

సేవ్యా మెట్టు మీద కూలబడ్డాడు. కర్ర పక్కకు జారింది.

"మా బాపు పేరు," అన్నాడు. "ఇంకొక్కసారి చదువు బిడ్డా."

నిత్య మళ్లీ చదివింది. ముసలాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, గట్టిగా, ఎవరు చూస్తున్నారన్న సోయి లేకుండా ఏడ్చాడు. యమున ఆయన భుజం పట్టుకుంది. ఆమె భుజం పట్టుకోవడానికి విష్ణుకు ధైర్యం చాల్లేదు కాని, కర్ర తీసి ఇచ్చాడు.

ఆండాళు మెల్లగా నడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఎదురింటి వాళ్లను చూసింది, సేవ్యాను చూసింది, చివరికి యమున దగ్గర చూపు ఆపింది.

"ఎనభై ఏండ్ల సంది మా దేవుని అర్రల పసుపు కుంకుమ పెట్టి మొక్కుతున్నం. అండ్ల మీ ముత్తాత ఉన్నడట. ఆయన లోపల ఉంటే ఆయన మునిమనుమరాలు గడప అవతల నిలబడుడేంది? పండుగ పూట నన్ను పాపం జేయిస్తవా? రా బిడ్డా, లోపలికొచ్చి చదువు. ఏటా తిథులు వింటిమి, ఈ ఏడు మీ కథ వింటం."

యమున విష్ణు వైపు చూసింది. కళ్లలో నీళ్లు ఇప్పుడు ఆగలేదు. చెప్పులు విడిచి, కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. జవహర్ లేచి వెళ్లి తన కుర్చీ తెచ్చి, సేవ్యా కోసం దేవుని అర్ర ఎదుటే వేశాడు.

యమున ఏడో అధ్యాయం మొత్తం చదివింది. ఎడ్ల బిడారాలు, ఉప్పు బస్తాలు, రెండు నదుల నడుమ ధాన్యం నడిచిన దారులు. సేవ్యా ప్రతి ఊరి పేరుకూ తలాడిస్తూ, "చెప్పలే? నేను చెప్పలే?" అంటూనే ఉన్నాడు.

తర్వాత వాకిట్లో వెలుతురుకు పుస్తకం పెట్టి, పేజీలు ఒక్కొక్కటీ ఫోటో తీసి వీరేశానికి పంపుతూ కూర్చున్నారు ఇద్దరూ. యమున పేజీ తిప్పుతోంది, విష్ణు ఫోన్ పట్టుకున్నాడు.

"పని అయిపోయింది," అన్నాడు విష్ణు. "ఇగ మిర్యాలగూడ రావాల్సిన అవసరం లేదు గదా నీకు."

"లేదు."

"కొత్త పని ఏదన్న పెట్టుకోరాదు?"

"ఏం పని?"

"నేనే."

యమున పేజీ తిప్పడం ఆపింది. "చేయి జర వణుకుతున్నది. ఫోటో షేక్ అయితది."

"నేనడిగింది ఫోటో గురించి కాదు. నువ్వంటే నాకు ఇష్టం. బోణీ నాటి సందే."

"పాత పంచాంగం అడిగితే బస్తా అంటగట్టినవ్. ఇప్పుడు నిన్ను అంటగడుతున్నవా?"

"తీసుకుంటవా?"

"మీ దుకాణంల కొనకుండ పోనియ్యరు గదా," అంది యమున. అని, తల వంచుకుని పేజీ తిప్పింది. ఆ పేజీ ఫోటో నిజంగానే షేక్ అయింది.

లోపల సేవ్యా పచ్చడి గిన్నె నాకుతూ నానమ్మతో ముచ్చట పెడుతున్నాడు. "సేటమ్మా, మీ మనుమడు అమ్మిన బియ్యం ఇంకా విప్పలే. కొత్తవట గదా, పాతబడాల్నట."

"ఎన్నడు పాతబడతయి?"

"అయిదారు నెలలన్నడట."

నానమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. వాకిట్లో పక్కపక్కన వంగి ఉన్న రెండు తలలను కళ్లద్దాల మీదుగా చూసింది.

"అయితే శ్రావణం దాక ఆ బస్తా మూతి విప్పకు. తలంబ్రాలకు అక్కరకొస్తయి."

వాకిట్లో ఫోన్ కింద పడ్డ చప్పుడైంది. పొద్దున్నుంచి ఒక్క మాట ఖర్చుపెట్టని జవహర్ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఒక్క బస్తా సాలదేమో అమ్మా," అన్నాడు.